మా వదిన పెదవి ఆనించిన కప్పు

చింతాద్రిపేట, ఆదివారం మధ్యాహ్నం.

మా వదిన పోయిన సోమవారం పొద్దున కన్నుమూసింది. కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, గోడకు తల ఆనించింది. అంతే. మీలో చాలామందికి ఆమె బడిలో లెక్కల టీచరు. నాకు మా ఆయన అక్క, నా కాపురమంతా ఒకే ఇంట్లో నాతో ఉన్న మనిషి. సంతాపసభల్లో చెప్పే మాటలు నాకు రావు. అయినా ఈరోజే రాయడానికి కారణముంది. మా మనవరాలు వచ్చే నెల ఆఫ్రికాలోని మలావీకి వెళ్లాలి. ఒకప్పుడు మా వదిన జీతం లేకుండా పాఠాలు చెప్పిన ఊరికే, అదే పని మీద. ఇప్పుడు పంపాలా వద్దా అని ఇంట్లో తగువు. కర్మలకు వచ్చే మీరంతా తలా ఒక సలహా ఇచ్చేలోపు నేను చెప్పాల్సింది చెప్పేస్తాను.

వదిన పెళ్లి చేసుకోలేదు. రిటైరైన ఏడాదే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లతో మాట్లాడుకుని, రెండేళ్లు మలావీలో ఉండి వస్తానంది.

"ఈ వయసులో ఆడేం పని వదినా?" అన్నాను.

"ఈడేం పని ఉండాదో చెప్పు, అది చేసేసి పోతా" అంది.

ఆమె వెళ్లిపోయింది.

ఆదివారాలు బడి వెనకున్న గుట్ట ఎక్కి ఫోను చేసేది. సిగ్నలు అక్కడే వచ్చేదట. కష్టాలు చెప్పుకునే అలవాటు లేదు. బోరింగు కొట్టి బకెట్టు నీళ్లు మోసుకొచ్చి, సగంతో స్నానం, సగంతో బట్టలు కానిచ్చేదని తర్వాతెప్పుడో మాటల్లో తెలిసింది. ఫోనులో మాత్రం వేరే సంగతులు అడిగేది.

"ఏమ్మే, ఏం చేస్తా ఉండావు?"

"పప్పు పెట్టినా వదినా."

"అయితే ఫోను కుక్కరు దగ్గర పెట్టు."

కుక్కరు కూతేసేది. అవతల ఆమె ఊపిరి బిగబట్టి వినేది. "ఇంకొకటి రానీ" అనేది.

"పప్పు గుజ్జైపోతుంది వదినా!"

"కానీలే, తినేది మీరే కదా."

ఒకసారి మేడ మీది ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నాయి. నేను మోటారు ఆపడానికి పరుగెత్తబోతే, "ఒక్క నిమిషం ఉండమ్మే, వింటా ఉండా" అని ఆపింది. పొర్లే నీళ్లను నిలబడి వినడం నా స్వభావానికి విరుద్ధం. ఆ రోజు మాత్రం విన్నాను.

ఆమె మాకు పదేపదే చెప్పిన కథ ఒకటుంది. ఆ ఊళ్లో ఆమె ఒక పెద్దావిడ ఇంట్లో ఉండేది. చేరిన రోజు ఇరుగుపొరుగంతా వచ్చి చాపల మీద వరసగా కూర్చున్నారు. మొక్కజొన్న పిండితో కాచిన తియ్యటి గంజి ఒక్క కప్పులో పోసి, ఒకరి తర్వాత ఒకరు గుక్కెడు తాగి పక్కవాళ్లకు అందించారు. కప్పు వదిన చేతికొచ్చింది. మన ఇళ్లలో ఎట్లా తాగుతామో అట్లాగే తాగింది. తల వెనక్కి వంచి, కప్పు ఎత్తి, పెదవి తగలకుండా, చుక్క కిందపడకుండా గొంతులో పోసుకుంది. పక్కవాళ్లకు ఎంగిలి ఇవ్వకూడదు కదా. అంతకు మించిన మర్యాద ఆమెకు తెలియదు.

పిల్లలు పకపకా నవ్వారు. పెద్దావిడ నవ్వలేదు. మరుసటి రోజు నుంచి వదినకు వేరే కప్పు, విడిగా ఒక స్టూలు.

"నేనేమో గొప్పగా చూస్తా ఉండారనుకున్నా" అని చెప్పి నవ్వేది. "తోటి టీచరమ్మ చెప్తే గానీ తెలియలే. మా నోళ్లు తగిలింది నీకు అసహ్యమా అని వాళ్ల బాధంట."

ఆ సాయంత్రమే వదిన వెళ్లి చాప చివర కూర్చుంది. కప్పు అడిగి తీసుకుని, అందరి పెదవులూ తగిలిన అంచుకే తన పెదవి ఆనించి తాగింది. "మా అమ్మ వచ్చి వీపున ఒకటేసినట్టే అనిపించిందే" అనేది. పెద్దావిడ చాప మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. రెండేళ్లలో తనకు దొరికిన సుఖాలన్నిటిలోకీ పెద్దది ఆ జానెడు చోటేనని వదిన లెక్క.

తిరిగొచ్చాక ఆమె కాఫీ కూడా పెదవి ఆనించే తాగేది. నేను ఈనాటికీ ఎత్తే తాగుతాను. ఈ విషయంలో మా వాదన తెగలేదు. ఇంకో అలవాటు కూడా తెచ్చుకుంది. వీధిలో కరెంటు పోతే అందరూ అరుస్తాం. వదిన మాత్రం వచ్చినప్పుడు లోపలి నుంచి గట్టిగా కేకేసేది, "వచ్చిందీ!" అని. "పోతే చెప్పేదానికి ఊరంతా ఉండారు. వచ్చిందని ఒకరైనా చెప్పొద్దా?" అనేది.

పోయిన నెలంతా మనవరాలిని తనే తయారుచేసింది. ఆ పిల్లకు నడక వచ్చినప్పటి నుంచి ఎత్తి తాగడం నేర్పింది నేను. ఒకరోజు వదిన గ్లాసుడు మజ్జిగలో తను ఒక గుక్క తాగి, "ఇంద" అని దానికిచ్చింది. పిల్ల అలవాటుగా గ్లాసు పైకెత్తింది. వదిన దాని మణికట్టు పట్టుకుంది.

"కిందికి దించు."

"పెద్దవ్వా, అవ్వ చూస్తా ఉంది."

"చూడనీ. మీ అవ్వ మలావీకి రాదులే."

పిల్లకు నవ్వాగక మజ్జిగ ముక్కులోకెక్కింది. దగ్గు తగ్గాక, కళ్లు మూసుకుని, పెదవి ఆనించి తాగింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా చూశాను.

ఇప్పుడు మా అబ్బాయి మాట వేరు. "అత్త ఉంటే ఏదైనా అడిగేదానికి ఒక మనిషి ఉండేది. ఇప్పుడు ఎవర్ని నమ్మి పంపేదమ్మా? నువ్వు వద్దంటే అది వింటుంది."

నిజమే, వింటుంది. అందుకే తూచి చెబుతున్నాను. ఆ ఊళ్లో దేనికి మనసులు నొచ్చుకుంటాయో, నొచ్చుకుంటే ఏం చేయాలో వదిన ఆ పిల్లకు నేర్పే పోయింది. ఇక జరగవలసినవి ఇవి.

1. కర్మలు పూర్తయ్యేదాకా మనవరాలు ఇక్కడే ఉంటుంది. ఆ తర్వాత అనుకున్న రోజుకే వెళ్తుంది. టికెట్టు మార్చేది లేదు.

2. మా అబ్బాయి దాన్ని విమానాశ్రయానికి తనే తీసుకెళ్లాలి, ముఖం మాడ్చుకోకుండా.

3. వదిన దగ్గర చదువుకున్నవాళ్లు పూలదండలు తేవద్దు. జామెట్రీ బాక్సులు తెండి. పెట్టెలో పట్టినన్ని అక్కడి ఆడపిల్లలకు వెళ్తాయి.

4. వెళ్లేదాకా ఆ పిల్లకు ఎవరూ బుద్ధులు చెప్పవద్దు. ఇప్పుడది స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతో, హాల్లో మొజాయిక్ నేలకు చెంప ఆనించి పడుకుంది. చాప వేసుకోవే అన్నాను. "వద్దవ్వా, నేల చల్లగా ఉండాది" అని, రెండో చెంప తిప్పింది.