మస్తాన్ మామ దగ్గర నేర్చిన వినికిడి

ఈ ఉదయం పులివెందులలో ఒక ఇంటి హాల్లో నేను కొత్తగా బిగించిన స్పీకర్లలో భజన పాట పెట్టాను. చెప్పులు బయట వదిలి వచ్చిన నా పాదాలను నాపరాతి నేల మీదుగా మృదంగం మంద్రధ్వని సన్నగా తాకింది. చెవి కంటే ముందు అరికాలికి తెలిసింది. అలా తెలిసిన ప్రతిసారీ మస్తాన్ మామ గుర్తుకొస్తారు. ఆయన పోయి మూడేళ్లవుతోంది.

ప్రొద్దుటూరులో మా ఇంటి పక్క గదే ఆయన దుకాణం. కువైట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి, ఆ గదిలో ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. నేను బడికి పోలేదు. చదువూ లెక్కలూ అమ్మ ఇంట్లోనే నేర్పింది. మిగిలిన పొద్దంతా మామ బల్ల దగ్గరే గడిచేది. ఆడపిల్లకు ఈ వైర్ల పనేందని ఎవరైనా అంటే, "ఆ పాప చెవి మీకుంటే నా దగ్గరికెందుకు వస్తారప్పా?" అని నవ్వేసేవారు. మంద్రధ్వనిని పలికించే సబ్‌వూఫర్ అంటే మా వైపు స్టీలు గిన్నెలు అదిరేదాకా పెంచే పెట్టె అని లెక్క. మామకు అది నచ్చేది కాదు. "చిన్న స్పీకర్ల నెత్తిన పెద్ద మూట పెట్టగాకు పాపా. ఎనభై హెర్ట్జ్‌కు కింది మంద్రమంతా పెట్టెకిచ్చెయ్, పై ధ్వని వాటికొదిలెయ్. పెట్టె యాడుండాదో చెవికి తెలిసిందంటే పని చెడినట్టే" అనేవారు.

నేను సొంతంగా చేసిన మొదటి పని జమ్మలమడుగులో, ఓబులయ్య తాత ఇంట్లో. ఆయన జీవితమంతా భజనల్లో మృదంగం వాయించిన మనిషి. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. మృదంగానికి ఎడమ పక్కను తొప్పి అంటారు. మంద్రమంతా అక్కడే పలుకుతుంది. పాత రికార్డింగుల్లో ఆ చేతిని మళ్లీ వినాలని ఆయనకు ఒకటే కోరిక. మామ నాతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "నేను టీ తాగేదానికి వచ్చినా. పని నీది" అన్నారు.

బరువు నైరుతిలో ఉండాలి కదా అని సబ్‌వూఫర్‌ను ఆ మూలకు నెట్టి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాను. తర్వాతే తాత వాయించిన పాట పెట్టాను. దెబ్బ దెబ్బా కలిసిపోయి ఒకటే హోరు. తాత ముఖం చిన్నబోయింది.

"ఏందమ్మీ ఇది? నేను వాయించింది మృదంగమా, ఒడ్లు దంచే రోలా? ఇది నా చెయ్యి గాదు."

సౌండు తగ్గించాను, పెంచాను, వైర్లు మార్చాను. పెట్టెను కదిపే పని తప్ప అన్నీ చేశాను. చివరికి మామ లోపలికి వచ్చారు.

"పాపా, వినినాక బొట్టు పెట్టినావా, పెట్టినాక విన్నావా?"

"ముందే పెట్టినా మామా. టెంకాయ గూడా కొట్టేసినా. ఇంగ ఎట్ల జరిపేది?"

"ఆ మూలే కావాలని దేవుడు అడిగినాడా? పెద్దాయన చెయ్యి పోగొట్టి నైరుతిని కాపాడితే దేవుడు మెచ్చుకుంటాడా?" అంటూ టెంకాయ చిప్ప అందుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "ప్రసాదం నేను తింటాండా. పెట్టె నువ్వు జరుపు."

దండం పెట్టుకుని జరిపాను. మామ నేర్పినట్టు పెట్టెను తాత కూర్చునే కుర్చీలోనే పెట్టాను.

"నా కుర్చీ దానికెందుకమ్మీ?"

"కొంచేపు దానికియ్యి తాతా. అది ఈడ మోగితే, యాడ బాగా వినబడుతుందో నేను ఎతుక్కుంటా. పెట్టెను ఆడ పెడితే నీ కుర్చీకి అంతే బాగా వినబడుతుంది."

పాట మోగుతుంటే గోడ వెంట మోకాళ్ల మీద పాకుతూ విన్నాను. మూలల్లో హోరు. కిటికీకి రెండు మూరల ఇవతల తొప్పి దెబ్బలు దేనికది విడివిడిగా పలికాయి. పెట్టెను అక్కడికి చేర్చాను. హోరు పోయింది గానీ తొప్పి పలచగా పలికింది. అప్పుడు ఇంకో తప్పు తెలిసింది. ఆంప్లిఫయర్‌లో ఎనభై హెర్ట్జ్ దగ్గర ధ్వనికి కోత పెట్టి, పెట్టె వెనక మీటను కూడా ఎనభైకే తిప్పి ఉంచాను. రెండు చోట్ల కోస్తే తొప్పి బక్కచిక్కిపోతుంది. పెట్టెలో కోత పడకుండా దాని మీటను పై చివరిదాకా తిప్పి, ఆంప్లిఫయర్ కోత ఒక్కటే ఉంచాను. ఆ తర్వాత పెట్టె ఉన్న జాడ చెవికి తెలియనంత వరకు దాని సౌండు తగ్గించుకుంటూ వచ్చాను.

తాత తన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం దగ్గర ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఆపు, ఆపు! ఈడ నేను తాళం తప్పినా. ఆ పొద్దు ఎవురూ కనిపెట్టలా. ఇది నా చెయ్యేనమ్మీ."

తిరుగు బస్సులో మామ నన్ను పొగడలేదు. "ఇంగ నేను తోడొచ్చేది లేదు" అని మాత్రం అన్నారు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఎవరి దగ్గరా దొరకలేదు. అలాంటి మనిషిని మా పక్క గదిలోనే ఉంచినందుకు ప్రతి సాయంత్రం దీపం పెట్టి స్వామికి దండం పెట్టుకుంటాను. పని ముగిశాక ఏ ఇంట్లోనూ బాగుందా అని అడగను, బాగుందనే అంటారు. ఇంతకుముందు వినబడనిది ఏమైనా వినబడిందా అని అడుగుతాను. వాళ్లు ఆలోచించి జవాబు చెప్పేదాకా నా సంచి సర్దుకోను.