వచ్చే వారం ఆట

కువైట్‌లో నేను అమెరికా సైనికులకి ఆమ్లెట్లు వేస్తాను. డిగ్రీ చదివి, సముద్రం దాటి వెళ్ళి గుడ్లు కొట్టుకుంటున్నాడని మా బావమరిది పెళ్ళిళ్ళలో చెప్పుకుంటాడట. చెప్పుకోనివ్వండి. పొద్దున్నే నా ముందు అంతమంది ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడతారు. వాడి ముందు ఎవరు నిలబడతారో నాకు తెలీదు.

ఆమ్లెట్ కాలడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ సైనికుడు నా ఎదురుగా నిలబడాలి, నేను అతని మొహం చూడాలి. ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా ఉండి నోరు మూసుకోవడం మా కోనసీమవాళ్ళకి చేతకాదు. మరి ఏం మాట్లాడాలి? పనిలో చేరిన రోజే మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టి గట్టిగా చెప్పారు. సైనికుల్ని ఎక్కడికి వెళ్తున్నారని అడగకూడదు. ఎప్పుడు వెళ్తారు, ఎప్పుడొస్తారని అడగకూడదు. అడిగినట్టు తెలిస్తే ఉద్యోగం ఖలాస్.

నాకు నవ్వొచ్చింది. ఈ మాట మా నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. గడప దాటుతున్న మనిషిని ఎక్కడికని అడిగితే ఆవిడ అడిగినవాణ్ణి వీధిలో నిలబెట్టి కడిగేసేది. తెలుసుకోవాలనుంటే "దూరమా?" అనాలి. నోరు జారి ఎక్కడికని అడిగితే, బయల్దేరినవాడు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. వెళ్తున్నాననకూడదు, వెళ్ళొస్తాననాలి. అంత పెద్ద సైన్యానికి కూడా చివరికి మా నాయనమ్మ మాటే దిక్కయిందని ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇలాంటి వాటితో వేళాకోళం ఆడొద్దంది.

అన్నీ తీసేస్తే మాట్లాడటానికి ఆటలు మిగిలాయి. క్యాంపు డైనింగ్ హాలు నాలుగు గోడలకీ నాలుగు పెద్ద టీవీలున్నాయి. వాళ్ళ దేశంలో రాత్రి ఆడే ఆట మాకు తెల్లవారుజామున వస్తుంది, అంటే సరిగ్గా గుడ్లవేళకి. నేను ఒక కన్ను పెనం మీదా ఒక కన్ను టీవీ మీదా పెట్టి నేర్చుకున్నాను. బాస్కెట్‌బాల్ తేలిగ్గానే అంతుపట్టింది, పొడుగువాడికి బంతి ఇవ్వడమే. వాళ్ళు ఫుట్‌బాల్ అనేది అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది. నా పక్క పెనం మీద పాన్‌కేకులు వేసే తమ్ముడు అన్నమయ్య జిల్లావాడు. సొంత తమ్ముడు కాదు, మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటలో మా బిల్డింగు కింది అంతస్తు బ్యాచిలర్ రూములో ఉంటాడు. అతనికి ఆ ఆట ఇప్పటికీ అర్థం కాలేదు.

"సేత్తో ఎత్తుకోని ఉరికేదానికి ఫుట్‌బాల్ అని పేరేందన్నా? ఈళ్ళకి కాళ్ళేవో సేతులేవో తెల్దా?" అంటాడు.

బేస్‌బాల్ అంటే అతనికి ఇంకా మంట. "ఉమ్మేది, గోక్కునేది, టోపీ సర్దుకునేది. మల్లా ఉమ్మేది. బంతి ఎప్పుడేస్తాడన్నా వాడు?"

నాకూ మొదట్లో అలాగే ఉండేది. చిన్నప్పుడు మేం ఆడిన బిళ్ళంగోడులో ఇంతకంటే వేగం ఉండేది. కానీ నాకు బేస్‌బాల్ నేర్పినవాడు మంచివాడు. చెవులు రెండూ బాగా బయటికి వచ్చిన పొడుగాటి సైనికుడు. తమ్ముడు అతనికి సెవులాయన అని పేరు పెట్టాడు. రోజూ వచ్చేవాడు, రోజూ ఒకటే అడిగేవాడు, చీజ్ ఒక్కటే వేసి చప్పిడి ఆమ్లెట్. పచ్చిమిరపకాయ చూపిస్తే చేతులు పైకెత్తి లొంగిపోయినట్టు నటించేవాడు. అతని జట్టు అతను పుట్టిన తర్వాత ఒక్కసారి కూడా కప్పు గెలవలేదట. అయినా వదల్లేదు. అలాంటి మనుషుల్ని చూస్తే నాకు ఇష్టం కలుగుతుంది, కోపం కూడా వస్తుంది.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పడుతుండగా అతని జట్టు గెలవడం మొదలుపెట్టింది. అప్పుడు మూడాటలూ ఒక్కసారే నడుస్తున్నాయి, హాలంతా తిరణాల. ఎవరి చొక్కా వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. సెవులాయనా నేనూ ఒక తలకిందుల పందెం వేసుకున్నాం. అతని జట్టు కప్పు గెలిస్తే నేను వేసిన ఆమ్లెట్, నా పద్ధతిలో పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కొత్తిమీర వేసి, మొత్తం తినాలి. ఓడిపోతే నేను వాళ్ళ జట్టు టోపీ పెట్టుకుని పని చెయ్యాలి. "నీళ్ళ బాటిల్ పక్కన పెట్టుకోండి, ఆయ్" అని తెలుగులోనే చెప్పాను. అతనికి అర్థమైంది.

ఆ రోజుల్లోనే బయట గాలి మారింది. చుట్టుపక్కల దేశాల మధ్య గొడవ ముదిరిందని అబ్బాసియాలో అందరూ ఫోన్లలో చూసుకుంటున్నారు. కూరగాయల కొట్టు దగ్గర, టైలర్ షాపు మెట్ల మీద అదే మాట. బియ్యం రెండు బస్తాలు తెచ్చి పెట్టమని మా ఆవిడ అంది. నేను తేలిగ్గా కొట్టిపారేశాను. క్యాంపులో ఎవరి మొహంలోనూ ఏమీ కనపడటం లేదని, రోజూ ఆటల కబుర్లే చెప్పుకుంటున్నారని అన్నాను.

అలా అన్న తర్వాతే నాకు ఒక సంగతి తట్టింది. కబుర్లు చెప్పుకుంటున్నారు, నిజమే. కానీ అన్నీ అయిపోయిన ఆటల గురించే. నిన్న ఎవరు బంతి వదిలేశారు, మొన్న రిఫరీ ఎలా కళ్ళు మూసుకున్నాడు. అంతకుముందు వాళ్ళ నోట్లో ఎప్పుడూ వచ్చే వారం ఉండేది. వచ్చే ఆదివారం మీవాళ్ళ పని చెప్తాం, బుధవారం చూద్దాం, పండగనాటి ఆటకి చూసుకుందాం అని కొట్టుకునేవాళ్ళు. ఆ మాటలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు. మర్నాడు పనిగట్టుకుని విన్నాను. బాస్కెట్‌బాల్ బల్ల దగ్గరా లేదు, ఫుట్‌బాల్ బల్ల దగ్గరా లేదు. నలుగురు నవ్వుతూనే ఉన్నారు, నవ్వు అయిపోగానే ప్లేట్లలోకి చూస్తున్నారు. నాకు భయమేసింది.

తమ్ముడికి చెప్తే, "నువ్వు ఎక్కువ ఆలోచన సేస్తాండావన్నా. ఈళ్ళ ఆటల్లో వచ్చే వారం ఏముండాది? మల్లా ఉమ్మేదే కదా" అన్నాడు. అన్నాడే గానీ, ఆ రోజు అతని పాన్‌కేకులు మాడాయి.

సెవులాయన జట్టు ఫైనల్ దాకా వచ్చింది. చివరి ఆట శనివారం పొద్దున. ఆ వారం మొదట్లో అతను ఎప్పటిలాగే చీజ్ ఆమ్లెట్‌కి నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది. అతన్ని కాస్త నవ్విద్దామనిపించింది. పెనం మీద గుడ్డు పోస్తూ, నా ఇంగ్లీషులో అడిగేశాను. "శనివారం ఆట ఎక్కడ చూస్తున్నావు బాసూ? ఇక్కడేనా?"

అడగ్గానే తమ్ముడు గరిటె ఆపేశాడు. అప్పుడు గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. ఆటే కదా అనుకున్నాను. కానీ క్యాంపువాళ్ళ లెక్కలో అడిగినా, మా నాయనమ్మ లెక్కలో అడిగినా, నేను అడగకూడనిదే అడిగాను.

అతను ఆమ్లెట్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ప్లేటు తీసుకుని నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. వరసలో వెనకున్నవాడికి ఒక చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అన్నాడు. "శనివారం నువ్వు సెలవు పెట్టు. ఆట ఇంట్లో చూడు, మీ ఆవిడతో. ఇక్కడ వద్దు." ఆ తర్వాత అందరికీ వినపడేలా నవ్వి, "మా జట్టు గెలిచేటప్పుడు నీ మొహం చూడలేను!" అన్నాడు.

బస్సులో తమ్ముడు నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. బిల్డింగు దగ్గర దిగాక మీద పడ్డాడు. "పొయ్యేవాణ్ణి యాడికని అడగొచ్చునా? పెద్దోడివి, నీకు నేను సెప్పల్నా? మా అమ్మ ఇనుంటే సీపురుకట్ట తీసుకునేది." కోపంలోనే ఉన్నాడు గానీ, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు. "సెవులాయన సెలవు పెట్టమన్న్యాడే. నాకూ పెట్టమన్న్యట్టేనా అన్నా?"

ఇద్దరం వెళ్ళి సూపర్‌వైజర్‌ని అడిగాం. అతను కాన్పూరువాడు, మనిషి చెడ్డవాడు కాదు. "సనీచర్ కో కిసీకో ఛుట్టీ నహీ" అన్నాడు. ఆ రోజుకి ఎవరికీ సెలవు ఇవ్వొద్దని పైనుంచి వచ్చిందట. ఎందుకని అడిగితే అతనికీ తెలీదు. రాకపోతే డాక్టరు కాగితం కావాలన్నాడు. మా ఇఖామాలు, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్లు, ఆ నెలలోనే రెన్యువల్‌కి ఉన్నాయి. కంపెనీకి కోపం తెప్పించే నెల కాదది.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో గానీ నాకు ఏదీ కడుపులో దాచుకోవడం రాదు. జ్వరమని చెప్పండి, మీ ఇఖామా పోతే పోనివ్వండి, ఊళ్ళో కొట్టు పెట్టుకుందాం అంది. కొట్టు సంగతి ఎత్తితే, మా బావమరిది ముందు ఓడి తిరిగొచ్చినట్టే అనిపించి నాకు ఒళ్ళు మండుతుంది. అరిచాను. ఆవిడ లోపలికెళ్ళి నా డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసింది. శనివారం చీకటితోనే నేను వెళ్ళొస్తానంటే, తలుపు పట్టుకుని "వెళ్ళిరండి" అంది. మెట్లు దిగుతున్నంతసేపూ తలుపు మూసిన చప్పుడు వినపడలేదు.

క్యాంపులో హాలు సగానికి సగం కూడా నిండలేదు. నాలుగు టీవీల్లో ఆట నడుస్తోంది, అక్కడ జనం గోల గోల చేస్తున్నారు. ఇక్కడ చెంచాల చప్పుడు వినిపిస్తోంది. చొక్కాలు లేవు, పందేలు లేవు. సెవులాయన కూర్చునే మూల ఖాళీగా ఉంది. వరసలో ఎవరూ లేకపోయినా నేను ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాను. అతని జట్టు ముందంజలో ఉంది.

అప్పుడు సైరన్ మోగింది. అభ్యాసానికి మోగించినప్పుడు ముందే చెప్పేవాళ్ళు. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. పెనం ఆపానో లేదో గుర్తులేదు. తమ్ముడు నా చొక్కా పట్టుకుని లాక్కెళ్ళాడు. హాలు వెనక ఇసక బస్తాల మధ్య కాంక్రీటు షెల్టరు ఉంది, వంగుని దూరాలి. అందులో వంటవాళ్ళం, గిన్నెలు కడిగేవాళ్ళు, ఇద్దరు సైనికులు. ఒకరి మోకాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. దూరంగా ఆకాశంలో ఏదో పగిలినట్టు చప్పుడు. కాసేపటికి ఇంకొకటి. పైనుంచి సన్నగా ఇసక రాలింది. ఎవరో ఏడుస్తున్నారు. ఎవరని చూడలేదు, నేనే అయినా ఆశ్చర్యం లేదు. ఆ సమయంలో నాకు మా ఆవిడా గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు. కొట్టు పెట్టుకుందామంటే అరిచిన అరుపు గుర్తొచ్చింది.

"అన్నా" అన్నాడు తమ్ముడు నా చెవి దగ్గర. "స్కోరెంత?"

"మనవాళ్ళే ముందున్నారు."

"ఉమ్మినాడా మల్లా?"

"ఉమ్మాడు."

ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. పక్కనున్న సైనికుడు మమ్మల్ని చూసి తల పక్కకి తిప్పుకున్నాడు.

మా మీద ఏమీ పడలేదు. ఎక్కడ పడిందో, అసలు పడిందో లేదో మాకెవరూ చెప్పలేదు. బయటికొచ్చి హాల్లోకి వెళ్ళేసరికి పెనం మీద ఒక ఆమ్లెట్ బొగ్గయిపోయి ఉంది. టీవీల్లో ఆట అయిపోయింది. మట్టి మైదానంలో మగాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. సెవులాయన జట్టు గెలిచింది. ఖాళీ కుర్చీలు తప్ప ఆ కప్పు చూడటానికి అక్కడ ఎవరూ లేరు.

అతను మళ్ళీ రాలేదు. సైనికులు మారుతూనే ఉంటారు, ఎవరూ చెప్పి వెళ్ళరు. ఇంటికే వెళ్ళాడని, తన ఊళ్ళో తన టీవీ ముందు కూర్చునే ఆ ఆట చూశాడని అనుకుంటాను. తమ్ముడు మాత్రం నేను యాడికని అడిగినందుకే అతను తిరిగి రాలేదంటాడు. కోపంతో కాదు, బాధతో అంటాడు.  పచ్చిమిర్చి ఆమ్లెట్ ఒకటి నేను సెవులాయనకి ఇంకా బాకీ.

సోమవారం నేను డ్యూటీకి బయల్దేరాను. బూట్లు వేసుకుని, వెళ్ళొస్తానన్నాను. మా ఆవిడ వెళ్ళిరండి అనలేదు. నా కళ్ళలోకి చూసి, స్పష్టంగా అడిగింది.

"ఎక్కడికండీ?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ నోటినుంచి వినలేదు. నాకు మొదట కోపం వచ్చింది, వెంటనే అర్థమైంది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. తాగి లేచాను. "ఎక్కడికండీ?" మళ్ళీ కూర్చున్నాను. కింద బస్సు హారన్ కొడుతోంది. ఆవిడ గ్లాసు మళ్ళీ నింపుకొచ్చింది. నాకు అందిస్తుంటే నీళ్ళు నా ప్యాంటు మీద ఒలికాయి. మూడోసారి అడగలేకపోయింది. లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి రోజూ ఒకసారి అడుగుతుంది. రోజూ కూర్చుని, నీళ్ళు తాగి వెళ్తాను. బస్సు డ్రైవరుకి అలవాటైపోయింది, మా బిల్డింగు దగ్గర హారన్ కాస్త ముందే కొడతాడు. గొడవలు సద్దుమణిగాయన్నారు. కొత్త సైనికులు వచ్చారు, కొత్త చొక్కాలు, కొత్త గోల. ఇప్పుడు నా ఎదురుగా నిలబడేది బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న, గట్టిగా నవ్వే అమ్మాయి. వచ్చే ఆదివారం మావాళ్ళు మీ టీవీ పగలగొడతారని వచ్చిన రోజునుంచీ బెదిరించేది.

నిన్న నేనే అడిగాను. ఎక్కడ, ఎప్పుడు ఏమీ అడగలేదు. వచ్చే ఆదివారం ఎవరు గెలుస్తారు అన్నాను, అంతే. ఆమె పెనం వైపు చూస్తూ, "నిన్నటి ఆట చూశావా? భలే ఆడారు" అంది. ప్లేటు తీసుకుని వెళ్ళిపోయింది. తమ్ముడు నావైపు చూశాడు, నేను అతని వైపు చూశాను.

ఈ పొద్దున బూట్లు వేసుకుని, మా ఆవిడ అడగకముందే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను.