తోక పట్టుకున్న మాస్టారు

మస్కట్‌లోని వాడి కబీర్‌లో మా పై అంతస్తులో ఉండే ఇంగ్లీషు మాస్టారు ఏ పదం చూపించినా, ముందు భాగాన్ని బొటనవేలితో మూసేసి తోక మాత్రమే కనబడనిచ్చేవారు.

"ఇది లాటిన్‌లో 'ఓసుస్'. ఏదో నిండుగా ఉందని అర్థం. స్పెయిన్ వెళ్ళి 'ఓసో' అయింది, ఇంగ్లీషు ఫేమస్‌లో 'అస్' అయింది. తోక పట్టుకుంటే దేశాలు దాటొచ్చండీ!" అనేవారు.

శుక్రవారాలు మా పాప ఆయన దగ్గర ఇవే నేర్చుకునేది. తొంభైల మొదట్లో, పదో తరగతి పరీక్షల ముందు, క్లాసులో కూడా పోర్షన్ వదిలేసి తోకలు చెబుతున్నారని, ఆయన పనిచేసే పాప స్కూల్లో ఫిర్యాదు చేసింది నేనే. మార్కులు తగ్గుతాయని నా భయం. ఆయన కాంట్రాక్టు సంగతి స్కూలు కమిటీ మీటింగ్‌లో తేలాలి. అది పోతే వీసా కూడా పోయినట్టే.

"ఏం మాస్టారూ, ఇది పరీక్షలో వస్తాదా?" అని కమిటీలోని కడప పెద్దాయన అడిగాడు.

మాస్టారు నా వైపు చూశారు. కొత్త పదం ఎదురైతే మా పాప ఇప్పుడు బెదరడం లేదని నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెబితే చాలు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"రాదండీ," అన్నారాయన.

వచ్చే ఏడాదికి వేరే మనిషిని చూస్తామన్నారు కమిటీవాళ్ళు.

బయట మెట్ల మీద ఆయన నా పక్కకు వచ్చారు. తిడతారనుకున్నాను.

"పాపకి 'బిలిస్' తోక ఒకటి మిగిలిపోయిందండీ. ఇంగ్లీషులో 'ఏబుల్' అదేగా. శుక్రవారం పంపండి, నేనెళ్ళేలోగా అయిపోతుంది."

పంపాను. నేను మాత్రం ఆయన గుమ్మం దాకా వెళ్ళలేక, కింద మెట్ల దగ్గరే నిలబడిపోయాను.