కప్పు చూసే నగరేశ్వరరావు

ఎవరింటికి వెళ్లినా నగరేశ్వరరావు ముందు మనుషుల్ని చూడడు, కప్పు చూస్తాడు. అక్కడ ట్యూబులైటు చివర నల్లబడి ఉంటే ముందు దాని క్షేమం కనుక్కుని, ఆ తర్వాతే కిందున్నవాళ్ల సంగతి అడుగుతాడు.

విజయనగరంలో వాళ్లది తరతరాల కిరాణా వ్యాపారం. ఇతను మాత్రం మిల్లులూ దుకాణాలూ తిరిగి, మాడిపోయిన లైట్లు, చచ్చిన బ్యాటరీలు, పాత కంప్యూటర్లు పోగుచేసి, విశాఖలో వాటిని పద్ధతిగా విడదీసే ఫ్యాక్టరీకి పంపిస్తాడు.

పెళ్లిచూపుల్లో తాయారు ఎదురుగా కూర్చున్నంతసేపూ అతను తల దించలేదు. పిల్ల నచ్చిందా అంటే నచ్చిందన్నాడు. ఆ మూల లైటు పోయాక పగలగొట్టకుండా తనకిమ్మని బతిమాలాడు కూడా. పాపం సిగ్గరి, మాట మార్చేస్తున్నాడనుకుని తాయారు ఒప్పేసుకుంది.

కాపురానికొచ్చాక తెలిసింది. ట్యూబులైట్లని ఆమె పాత చీరల్లో చుట్టి, పసిబిడ్డల్లా ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చేవాడు. స్పీడుబ్రేకరు కనిపిస్తే వాటితో సహా దిగి నడిచేవాడు. సినిమాకి వెళ్తే, ఇంటర్వెల్లో లైట్లు వెలిగాకే అతని సినిమా మొదలయ్యేది.

అలాంటివాణ్ణి చెల్లెలు దీపిక పెళ్లికి తీసుకెళ్తూ, కప్పు చూడనని తాయారు ఒట్టు వేయించుకుంది. మాట తప్పలేదు. చెయ్యి కడుక్కుంటానని మండపం పెరట్లోకి వెళ్లాడు, అంతే. అక్కడ పాత లైట్లన్నీ కుప్పగా ఉన్నాయి. మండపంవాళ్లు అప్పుడే ఎల్‌ఈడీలు పెట్టించారు.

ముహూర్తం దగ్గరపడింది. పెద్దల్లుడేడని తాయారు తండ్రి జగన్నాధం ఒకటే గోల. తీరా చూస్తే ముందువరసలో పెద్దల్లుడి కుర్చీలో మండపం ఊడ్చే మరిడమ్మ కూర్చుని కూల్‌డ్రింకు తాగుతోంది. తాయారు వెళ్లి, ఆయనెక్కడని అడిగింది.

"ఎనకాల ఉన్నాడమ్మ. ఆ లైట్లు పగలగొట్టి గోతిలో పారీమన్నాడు మా మేనేజరు. అందులో పాదరసం ఉంతాదంట. ఆ గాలి నువ్వు పీల్సొద్దు, నాను సూసుకుంతాను, నువ్వెల్లి నా కుర్సీలో కూకోమన్నాడు బాబు."

"నీకు ఆయన ముందే తెలుసా?"

"మా సెల్లి మిల్లులో ఊడుస్తాది. అక్కడా అంతే. పోయిన లైట్లు పగలగొట్టీది మాలాటోలమే కదమ్మ. ఏది పోతాదో పైకి సూసుకొని, మాకంటే ముందొచ్చీస్తాడు."

తాయారు పెరట్లోకి వెళ్లింది. నగరేశ్వరరావు పట్టుపంచె ఎగ్గట్టి, కొత్త ఉత్తరీయంలో ఓ ట్యూబులైటుని చుడుతున్నాడు. కొంగు బొడ్లో దోపి, ఆమె లైటు రెండో కొస పట్టుకుంది.

"ఏటే, సెల్లెలి పెళ్లి సూడవా?" అన్నాడు.

"ముందు జాగర్తగా పట్టండి."

ఇంతలో గట్టిమేళం మోగింది. ఇద్దరూ లైటు మెల్లగా గడ్డిమీద దించి, వెనక గుమ్మంలోంచి తొంగిచూశారు. లోపల మరిడమ్మ లేచి నిలబడి, వాళ్లిద్దరి వంతూ కలిపి, రెండు గుప్పిళ్లతో అక్షింతలు వేస్తోంది.