మూడు బొమ్మల పెట్టెలో ఒకటే పుస్తకం

ఒక బొమ్మ క్రేనును విప్పి, ఆ పాపానికి రెండు జిల్లాల్లో తగాదాలు పెట్టుకుని, చివరికి పదేళ్ల పిల్లకు రాతపూర్వకంగా హామీ ఇచ్చుకున్న పెద్దమనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే రాజమండ్రి రండి, కాఫీ ఇచ్చి మరీ చూపిస్తాను. అద్దంలో రోజూ నాకు కనబడుతూనే ఉంటాడు.

ఆరేళ్ల కిందటి మాట. మా అమ్మాయి సాహితి పుట్టినరోజుకు మా బావమరిది ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి తగిలించి బొమ్మలు కట్టుకునే సెట్టు ఒకటి తెచ్చాడు. పెట్టె మీద ‘ఒకే సెట్టుతో మూడు బొమ్మలు’ అని రాసి ఉంది. ముందువైపు క్రేను, వెనకవైపు పడవ, వంతెన. సాహితి వేసవి సెలవుల్లో నెల్లాళ్లు కూర్చుని క్రేను కట్టింది. పక్కనున్న చక్రం తిప్పితే కొక్కెం పైకి లేచేది. దాన్ని శనివారం బడిలో జరిగే ఎగ్జిబిషన్‌లో పెడతానని టీచరుగారికి పేరు కూడా ఇచ్చేసింది.

నేనేమో కాలువల శాఖలో ఇంజినీరుని. బుధవారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. సెలవు రోజున ఇంట్లో ఉన్న ఇంజినీరు కన్నా తలుపు తీసి ఉంచిన వంటింట్లోకి దూరిన కోతి నయం. క్రేను చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేశాను. గోదావరి నీళ్లు తాగి పెరిగిన పిల్ల, అందులోనూ కాలువల ఇంజినీరు కూతురు, క్రేను చూపించడమేమిటి? వంతెన చూపించాలి గాని. ముఖ్య అతిథి వంతెన ముందు ఆగి, “ఎవరి అమ్మాయమ్మా నువ్వు?” అని అడగడం, నేను వెనకనుంచి గొంతు సవరించుకోవడం, అన్నీ కళ్లముందు జరిగిపోయాయి. ఆలూ లేదు, చూలూ లేదు, వంతెనకు ప్రారంభోత్సవం మాత్రం అయిపోయింది.

క్రేను మెడ మీద చెయ్యి వేసేసరికి మా ఆవిడ వంటింట్లోంచి చూసింది.

“ఏవండీ, దాన్ని అడిగారా?”

“అడిగేదేముంది? బడినుంచి వచ్చి వంతెన చూసిందంటే ఎగిరి గంతేస్తుంది.”

“గంతేస్తుంది సరేనండి. ఎవరి మీదకో చూసుకోండి.”

నెల్లాళ్లు కట్టినది ఇరవై నిమిషాల్లో విప్పేశాను. ముక్కలన్నీ పెద్ద పళ్లెంలో పోసి, పుస్తకం తెరిచాను. మొదటి పేజీ క్రేను. మధ్య పేజీ క్రేను. చివరి పేజీ కూడా క్రేనే. దాని అడుగున చీమకైనా కళ్లజోడు కావలసినంత అక్షరాల్లో, మిగతా రెండు బొమ్మలు కట్టే పద్ధతి కావాలంటే పెట్టె మూత లోపలి రెక్క మీదున్న గుర్తును ఫోనుతో స్కాన్ చేసుకోండి అని ఉంది.

నా కోపం చూడాలి. మీరే చెప్పండి. పెళ్లికి పిలిచి, పందిట్లో కూర్చోబెట్టి, విస్తరి వేసి, అన్నం మాత్రం ఫోనులో చూసుకోండి అంటే ఊరుకుంటామా? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

“ఆ పెట్టె ఏదీ?” అని అరిచాను.

“మీ అక్కగారి వ్రతానికి పూతరేకులు పంపింది అందులోనే కదండీ. మీరే సర్దారు.”

నేనే సర్దాను. పూతరేకుల సంగతి మీకు తెలుసు. గట్టిగా ఊపిరి వదిలితే నలిగిపోతాయి. ఆత్రేయపురం నుంచి తెప్పించి, జంగారెడ్డిగూడెం దాకా బస్సులో పంపాలంటే గట్టి అట్టపెట్టె కావాలి. ఇంట్లో దానంత గట్టి పెట్టె ఇంకొకటి లేదు.

పెట్టె పోతే పోయింది, న్యాయం ఎక్కడికి పోతుందని క్రేను పుస్తకం బండి సంచిలో పెట్టుకుని బజారులో ఉన్న బొమ్మల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన పెద్దవాడు, నిదానస్తుడు.

“ఏంటండి ఇది? మూడు బొమ్మలని రాసి ఒక్క పుస్తకం ఇస్తారా?”

ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది మా దగ్గర కొన్నారాండి?”

“కాదండి, మా బావమరిది హైదరాబాదులో కొన్నాడు.”

“మరి మీ బావమరిదిగారిని అడగాలి కదండి.”

“అమ్మే జాతి అంతా ఒకటే కదండి.”

“అయితే ఒక పని చేయండి. పక్కన మిఠాయి కొట్టు ఉంది. ఆయనా అమ్మేవాడే. ఆయన్ని కూడా నాలుగు తిట్టేసి వెళ్లండి, మళ్లీ రాకుండా.”

కొట్టులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. నేను తల ఎత్తుకునే బయటికి వచ్చాను. బయట గుమ్మం తక్కువ ఎత్తులో ఉందని అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చి నుదురు రుద్దుకుంటూ జంగారెడ్డిగూడెంలో ఉన్న పెద్దక్కకు ఫోను చేశాను.

“అక్కా, పూతరేకులు పంపిన పెట్టె ఉందా?”

“పూతరేకులు ఎంత బాగున్నాయిరా. ఒక్కటి విరగలేదు.”

“పెట్టె ఉందా అక్కా?”

“పెట్టె ఎందుకుంటుంది? ద్రాక్షారామం పంపేశాను. అమ్మాయిని చూసిరావడానికి మీ బావగారు వెళ్తుంటే, వియ్యపురాలికి జీడిపప్పు పెట్టి ఇచ్చాను. వట్టి చేతులతో వెళ్తారేంట్రా?”

“నా పెట్టె నన్నడగకుండా ఎలా పంపుతావు?”

“ఒరేయ్, పెట్టి పంపిన పెట్టెను తిరిగి అడిగిన మేనమామవి నువ్వొక్కడివేరా. నాన్న బతికుంటే ఏమనేవారో.”

ఈ వాగ్వివాదం మధ్యలోనే సాహితి బడినుంచి వచ్చింది. పళ్లెం చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. పళ్లెం పక్కన కూర్చుని, “పుస్తకం ఏది నాన్నా?” అంది. నేను ఫోనులో నాన్నగారి పేరు ఎందుకు తెచ్చావని అక్కను నిలదీస్తున్నాను కనక, తర్వాత తర్వాత అని చెయ్యి ఊపాను. ఆ చెయ్యి ఊపడం తలుచుకుంటే నాకు ఇప్పుడు కూడా సిగ్గు వేస్తుంది. దాన్ని నవ్వించే మాటగా మార్చడం నాకు చేతకాలేదు, వదిలేస్తున్నాను.

గురువారం ఇంకో సెలవు పెట్టి, బండి మీద ద్రాక్షారామం బయలుదేరాను. ఊరు చేరాక భీమేశ్వరుడికి గోపురం బయటినుంచే దండం పెట్టాను. లోపలికి వెళ్తే ఆయనతో కూడా పేచీ పెట్టుకుంటానేమోనని భయం.

అక్క వియ్యపురాలు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. “రండి అన్నయ్యగారూ, కబురైనా లేకుండా వచ్చారేంటండి? అంతా కులాసాయేనా?” అంది.

“కులాసాయేనండి వదినగారూ. జీడిపప్పు వచ్చిన పెట్టె ఒకటి…”

ఆవిడ మొహంలో రంగు మారింది. “జీడిపప్పులో ఏమైనా పొరపాటా అండి?”

“పప్పుతో నాకు పనిలేదండి. పెట్టె కావాలి.”

ఆవిడ మరి ఏమీ అడగకుండా పెట్టె తెచ్చి ఇచ్చింది. లెక్కల టీచర్లు వింత మనుషులను చాలామందిని చూసి ఉంటారు. మూత ఎత్తి రెక్క విప్పాను. గుర్తు ఉంది. కూరగాయల బండి మీద కూడా ఉంటుందే, నలుపు తెలుపు గళ్ల చతురస్రం, అదే. దాని నట్టనడుమ అర్ధరూపాయి బిళ్లంత పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. ఫోను పెట్టాను. అసలు గుర్తే కాదంది. గుడ్డతో తుడిచాను. పసుపు అంతటా పాకి, గళ్లన్నీ పులిహోర అయిపోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇంత పెట్టె ఉండగా సరిగ్గా ఇక్కడే బొట్టు పెట్టిన మహానుభావులు ఎవరండి? కొంచెమైనా ఆలోచన ఉండక్కర్లేదా?”

వదినగారు నెమ్మదిగా అంది. “మీ అక్కగారు ఫోనులో ఎంత మురిసిపోయారనుకున్నారు. మా తమ్ముడు ఎంత పద్ధతైనవాడో చూడండి వదినగారూ, వ్రతానికి పంపే పెట్టెకు తన చేత్తో బొట్టు పెట్టి మరీ పంపాడు అన్నారండి.”

అప్పుడు గుర్తొచ్చింది. పూతరేకులు సర్దాక శుభమా అని బొట్టు పెట్టకుండా పంపకూడదనుకున్నాను. ఎక్కడ పెట్టాలా అని చూస్తే, నాలుగు మూలలూ కుదిరిన గడి ఒకటి, ముగ్గు వేసి పెట్టినట్టు కనబడింది. దాని కేంద్రం కళ్లతోనే కొలిచి, మిల్లీమీటరు తప్పకుండా పెట్టాను. ఇంజినీరుని కదా.

తాను తవ్విన గోతిలో తానే పడ్డం పాత సామెత. నేను గోయి తవ్వి, దానికి పసుపు కుంకుమ పెట్టి మరీ దిగాను.

“ఇంతకీ అందులో ఏముంటుందండి?” అంది వదినగారు. చెప్పాను. పుస్తకం చూపించమంది. బండి సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆవిడ అట్ట మీద వేలు పెట్టి, “ఇక్కడ సెట్టు నెంబరు ఉంది కదండి. ఇది ఫోనులో కొట్టి చూశారా?” అంది.

కొట్టాను. ఆవిడ కాఫీ కలిపి తెచ్చేలోగా వంతెన పుస్తకం మొత్తం, రంగు రంగు పేజీలతో, నా ఫోనులోకి దిగింది. ఆ నెంబరును నేను రెండు రోజులుగా చంకన పెట్టుకుని ఊరంతా తిప్పాను.

పరువు సంగతి దారిలో మరిచిపోయి, రావులపాలెం అరటిగెల మోసుకొస్తున్నవాడిలా గర్వంగా ఇంటికి చేరాను. సాహితి పళ్లెం ముందు కూర్చుని ముక్కలను రంగులవారీగా వేరు చేస్తోంది.

“ఇదిగోనమ్మా, వంతెన దొరికింది.”

“నేను వంతెన అడిగానా నాన్నా?”

నిజమే. బావమరిది అడగలేదు, బడి అడగలేదు, పిల్ల అడగలేదు.

“క్రేను పుస్తకం ఏది? నిన్నటినుంచీ ఇల్లంతా వెతుకుతున్నా. అదుంటే నిన్ననే మొదలుపెట్టేదాన్ని.”

పుస్తకం ఇచ్చాను. ఒకసారి కట్టిన చెయ్యి కనక, ఆ రాత్రీ, శుక్రవారం సాయంత్రమంతా తను కట్టింది. పనుల్లో నాకు అప్పగించింది ఒక్కటే, “ఆ ఎర్ర ముక్క ఇవ్వు” అంటే ఇవ్వడం. రెండుసార్లు నారింజరంగుది ఇచ్చి చీవాట్లు తిన్నాను. పడుకునే వేళకు కొక్కెం లేచింది.

శనివారం ముఖ్య అతిథి నిజంగానే మా బల్ల ముందు ఆగారు. నేను నిజంగానే గొంతు సవరించుకున్నాను.

“చాలా బాగుందమ్మా. మీ నాన్నగారు ఏమైనా సాయం చేశారా?”

సాహితి అబద్ధం ఆడదు.

“చేశారండి. ఆయన విప్పారండి. నేను కట్టానండి.”

ఇంటికి వచ్చాక కాగితం, కలం నా ముందు పెట్టింది. ఆఫీసు భాషలో, వంకరలేని చేతిరాతతో రాశాను: ‘ఈ ఇంట్లో ఎవరు కట్టినదాన్నయినా, కట్టినవారిని ముందుగా అడగకుండా విప్పబోనని ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను.’ కింద సంతకం, తేదీ.

అది రెండుసార్లు చదివి, కాగితం మళ్లీ నా ముందుకు తోసింది.

“నువ్వు అడిగినా నేను ఒప్పుకోనని కూడా రాయి నాన్నా.”