గొంగడితో చేసిన ఆయిల్ ఫిల్టరు

అది 1949 ఎండాకాలం. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. మిర్యాలగూడ బియ్యం మిల్లులో ఆరేళ్లు ఇంజన్ పని నేర్చుకుని, ఇక నాకు రానిదేమీ లేదనుకుని సొంతంగా పెట్టుకున్న షెడ్డు అది. లారీలు వచ్చేవి, నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు వచ్చేవి. ట్రాక్టర్లు మాత్రం మా తాలూకా మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పని వచ్చు, నోరు అంతకంటే ఎక్కువ. మెకానిక్ పని గురించి చెప్పమని ఎవరైనా అడిగితే బాగుచేసిన బండ్ల గురించే చెప్తూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇది నేను చంపిన బండి గురించి.

ఆ బండి బీరయ్యది. తుంగతుర్తి దగ్గర ఒక పల్లె ఆయనది. తాతల నాటి నుంచి గొర్రెలు కాసుకునే కుటుంబం, నాలుగెకరాల చెలక ఉంది. అంతకు ముందటేడు గొడవల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ఎడ్లు పోయాయి. బీరయ్య ఎడ్ల జత కూడా అప్పుడే పోయింది. ఊరి దొర హైదరాబాదుకు మకాం మారుస్తూ తన చిన్న ట్రాక్టరును అమ్మకానికి పెట్టాడు. బీరయ్య ఒక్క గొర్రెపిల్లను కూడా మిగుల్చుకోకుండా మంద మొత్తం అమ్మి దాన్ని కొన్నాడు. దొర డ్రైవరు దగ్గర పది రోజులు నడపడం నేర్చుకున్నాడు. తన చెలక దున్నుకుని, ఎడ్లు లేనివాళ్లకు కిరాయికి దున్నాలని ఆలోచన.

“మంద తోలిచ్చిన నాడు మా ఆమె రెండు దినాలు బువ్వ ముట్టలే తమ్మీ,” అన్నాడు మొదటిరోజు నా షెడ్డులో బండి దిగుతూ. “ఇగ గొర్రెల లెక్క దీన్నే మేపాలె. జర మంచిగ సూడు.”

వానలకు ముందు బండికి చేయవలసిన మామూలు పనే అది. ట్రాక్టరుకు మూడు ఫిల్టర్లు ఉంటాయి. ఫిల్టరంటే వడకట్టేది. ఇంజను పీల్చే గాలిలోని దుమ్మును ఎయిర్ ఫిల్టరు ఆపుతుంది. ఆ రోజుల్లో దాని అడుగున ఒక గిన్నెలో నూనె పోసేవాళ్లం, దుమ్ము అందులో చిక్కుకునేది. గిన్నె కడిగి కొత్త నూనె పోస్తే సరిపోయేది. కిరసనాయిలును వడకట్టే ఫ్యూయల్ ఫిల్టరుకు సన్న జాలీ ఉంటుంది. దాన్నీ కడిగి పెట్టేయవచ్చు. మూడోది ఆయిల్ ఫిల్టరు. ఇంజను లోపల తిరిగే నూనె అంతా దీని గుండా పోయాకే బేరింగులకు, అంటే ఇనుమూ ఇనుమూ రాసుకునే చోట్లకు, చేరుతుంది. దీని లోపలి ఎలిమెంటు అనే మెత్తటి వడపోత చుట్టను కడగడం కుదరదు, మార్చాలి. బీరయ్య బండిలో ఆ మూత విప్పేసరికి ఎలిమెంటు కుళ్లి ముద్దయిపోయి ఉంది. దొర దాన్ని ఎన్నడూ మార్పించినట్టు లేదు.

మద్రాసు నుంచి తెప్పించమని కోదాడలో స్పేరు పార్టులమ్మే దుకాణదారుకు కబురు పెట్టాను. మూడు వారాలైనా రాలేదు. నేనే కోదాడకు బస్సెక్కి పోయాను. ఆయన లోపలి నుంచి ఒక లారీ ఎలిమెంటు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“లావు సరిపోద్దండి. పొడుగే ఓ అరంగుళం తక్కువ. కింద రెండు వాషర్లు వేసి బిగించుకోండి, నడిచిపోద్ది,” అన్నాడు.

“సందులోంచి మురికి నూనె పోదా? అట్లాంటి పని నా చేతుల మీదుగా జరగదు.”

“మీ ఇష్టం. మద్రాసు సరుకు ఎప్పుడొస్తదో మాత్రం నేను చెప్పలేను.”

దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. దారి పొడుగునా నా నిక్కచ్చితనానికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. మురికి నూనెతో ఇంజను రెండేళ్లకో మూడేళ్లకో అరుగుతుంది. అసలు నూనే అందకపోతే నిమిషాల్లో పోతుంది. ఆ పొట్టి ఎలిమెంటు పెట్టినా, ఏదీ పెట్టకుండా ఖాళీగా మూత బిగించినా బీరయ్య ఆ ఏడు దున్నుకునేవాడు.

మృగశిర కార్తె దగ్గర పడింది. బీరయ్య రోజూ వచ్చి షెడ్డు ముందు కూర్చునేవాడు. తొందర పెట్టేవాడు కాదు. ఆకాశం వైపు చూసేవాడు, బండి వైపు చూసేవాడు. అది చూడలేక నేనే ఒక ఉపాయం ఆలోచించాను. మిర్యాలగూడ మిల్లులో ఒకసారి ఇట్లాగే ఎలిమెంటు దొరక్కపోతే, కావలి ముసలాయన పాత గొంగడిని కత్తిరించి చుట్టగా కుట్టి పెట్టాం. ఒక పంట కాలమంతా ఇంజను చక్కగా నడిచింది. ఉన్ని మెత్తగా ఉంటుంది, వేడికి కాలదు, మురికి పడుతుంది. గొర్రెల కాపరి ఇంట్లో గొంగడికి కరువేముంది? తెమ్మన్నాను.

మర్నాడు పొద్దున బీరయ్యతో పాటు ఆయన భార్య కొమురమ్మ కూడా వచ్చింది. చేతిలో మడత విప్పని నల్ల గొంగడి. వాళ్ల సొంత గొర్రెల చివరి ఉన్ని అది. ఆవిడ వడికింది, ఆయన నేశాడు. పాతది చాలు కదా అన్నాను.

“మొదటి దుక్కికి పోయే బండాయె. దానికి చినిగిన గుడ్డ కడ్తమా తమ్మీ?” అన్నాడు బీరయ్య. వాళ్లలో అంతే. ఏ పని మొదలుపెట్టినా ఇంట్లో ఉన్నవాటిలో కొత్తదే ముందు పెడతారు.

కొమురమ్మ గొంగడిని నా చేతికి ఇవ్వకుండా పట్టుకునే ఉంది. “నేను పాతదే పట్కపోదమన్న మేస్త్రీ. ఈయన ఇనలే. కొత్త గొంగడి నీళ్లు తాగది. ఎంత వాన గొట్టినా పైకెల్లి జారిపోతది. మరి నూనె ఎట్ల తాగుతది? ఎందుకంటె దీనికి...”

నేను పకపకా నవ్వాను. “నీళ్లు వేరు, నూనె వేరు వదినె. గొర్రెల సంగతి నువ్వు చెప్పు, నేనింట. ఇంజన్ సంగతి నాకు ఇడిసిపెట్టు.”

అంతటితో ఊరుకున్నానా? ఆవిడ ముందే అంచు నుంచి రెండు జానల ముక్క కత్తిరించి గిన్నె మీద పరిచి, కాచిన నూనె పోశాను. కాసేపటికి కింద చుక్క చుక్కగా దిగింది. “సూసినవా?” అన్నాను. ఆవిడ గిన్నెలోకి చూసి, కొంగు సర్దుకుని, పక్కకు పోయి నిలబడింది.

ఆ ముక్కనే చుట్టగా కుట్టి, మిగిలిన గొంగడి వాళ్ల చేతికిచ్చాను. మూత బిగించాను. ఇంజను శబ్దం బాగానే ఉంది. నూనె ఎంత ఒత్తిడితో పోతోందో చూపించే మీటరు దొర దగ్గరున్నప్పుడే పగిలిపోయింది. అది పనిచేయని బండికి మనం సొంతంగా చేసిన ఫిల్టరు పెట్టి పంపకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా పంపాను.

వాన ఆ వారమే పడింది. చెయ్యి తిరగక రోజుకు గంటసేపే నడిపినా, రెండు రోజులు బండి బాగా నడిచిందట. ఊరి జనం గట్ల మీద నిలబడి చూశారట. కొమురమ్మ చాళ్ల వెనకే నడుచుకుంటూ వెళ్లిందట. మూడో రోజు మధ్యాహ్నం ఆ ఊరి మనిషి ఒకడు సైకిలు మీద వచ్చి, “బీరన్న బండి కడుపు పలిగింది, నిన్ను రమ్మంటున్నరు,” అన్నాడు.

పోయి చూస్తే అది నిజంగా అట్లాగే ఉంది. నూనె అందక బేరింగు కరిగి, కనెక్టింగు రాడ్డు, అంటే పిస్టనుకు బిగించిన ఇనుప చెయ్యి, విరిగి ఇంజను గోడను లోపలి నుంచి పొడుచుకుని బయటికొచ్చింది. పిడికిలి పట్టేంత రంధ్రం. కింద దున్నిన మట్టిలో నల్లగా నూనె. ఎకరన్నర కూడా దున్నలేదు. బీరయ్య చాలులో కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి టైరు మీద ఉంది.

“తమ్మీ, అయితదా?” అన్నాడు.

నేను ఫిల్టరు మూత విప్పాను. లోపల గొంగడి చుట్ట ఉబ్బి, జిగురు పట్టి, బంకలా ఉంది. నొక్కితే నూనె రాలేదు. ఇదేమిటో నాకు అంతుపట్టలేదు. కొమురమ్మ వంగి, వేలితో కొంచెం తీసి, బొటనవేలితో రాసి చూసింది.

“గంజి,” అంది. “చింతగింజల గంజి మేస్త్రీ. నూలుకు పూస్తం. లేకుంటె మగ్గం మీద తెగుతది. దానితోటే గొంగడి బిర్రుగుంటది, వాన ఆగుతది. నాలుగైదు వానలకు తడిస్తె గని పోదు.”

అప్పుడు తెలిసింది. కిరసనాయిలు ఇంజను లోపల కొంత నీటి ఆవిరి చేరి నూనెలో కలుస్తుంది. ఆ తడికి గంజి నాని, ఉబ్బి, ఉన్ని సందులన్నీ మూసేసింది. కావలి ముసలాయన గొంగడి ఎన్నో వానలు చూసింది కాబట్టి దానిలో గంజి లేదు. షెడ్డులో నేను పోసి చూపించిన నూనెలో నీళ్లు లేవు.

అంత జరిగాక కూడా నా నోరు ఊరుకోలేదు. “ఆ రోజే ఎందుకు చెప్పలే వదినె?” అన్నాను.

“చెప్పబోతిని గద,” అంది.

కోపంగా అనలేదు. అదే నాకు ఇప్పటికీ భరించరానిది. నేను అక్కడే చాలులో కూలబడి ఏడ్చాను. తప్పు నాదేనన్నాను. బీరయ్య నా భుజం మీద చెయ్యి వేసి, “తెల్వక జేసినవ్ తియ్యి,” అన్నాడు. తెల్వక కాదు. తెలిసిన మనిషిని మాట్లాడనివ్వక చేశాను.

షెడ్డు మూసి హైదరాబాదు పోయాను. పది రోజులు తిరగని కార్ఖానా లేదు. పోత ఇనుముకు అంత పెద్ద రంధ్రం పడితే అతుకు నిలవదని అందరూ ఒకే మాట చెప్పారు. ఆ రకం ఇంజను ఎక్కడా దొరకలేదు. నా షెడ్డు అమ్మి ఎడ్లు కొనిస్తానంటే బీరయ్య ఒప్పుకోలేదు. కొన్నా అప్పటికే విత్తే అదును దాటిపోయింది. ఎడ్లున్నవాళ్లు తమ దుక్కి అయ్యేదాకా అరక ఇవ్వలేదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఊరందరి జొన్న మోకాలెత్తు లేచింది, బీరయ్య చెలకలో గడ్డి లేచింది. నేను తిరిగొచ్చిన నాలుగో రోజున కోదాడ నుంచి పొట్లం వచ్చింది. మద్రాసు ఎలిమెంటు. సరిగ్గా అదే కొలత. దాన్ని విప్పి చూసి అటక మీదకు విసిరేశాను. దాన్ని ఎవరికీ వాడలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. షెడ్డు ముందు నుంచి ఒక గొర్రెల మంద పోతోంది. వెనక మనిషి నాలుకతో టక్కుమనగానే మంద మొత్తం రోడ్డు దిగి పక్కకు జరిగింది. ఆ గొంతు వాటికి బాగా అలవాటైనట్టుంది. చూస్తే బీరయ్య. తన మందను కొన్న ఆసామి దగ్గరే జీతానికి కుదిరాడు. ఒకప్పటి తన గొర్రెలనే ఇంకొకరి కోసం కాస్తున్నాడు.

ఒంటి మీద ఆ గొంగడే ఉంది. ఇంకా బిరుసుగానే ఉంది, అప్పుడప్పుడే కప్పుకోవడం మొదలుపెట్టినట్టున్నాడు. వాన నీళ్లు దాని మీద నిలవకుండా జారిపోతున్నాయి. ఒక్క చుక్క లోపలికి దిగడం లేదు, కొమురమ్మ చెప్పినట్టే. నేను కత్తిరించిన చోట మాత్రం ఎడమ భుజం బయటపడి, అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది.

“మంచిగున్నవా తమ్మీ?” అని అడిగాడు. తలూపాను. మంద కదిలింది, దాని వెనకే ఆయనా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. బండికి పెట్టేది తోలు ముక్కైనా, కొబ్బరి పీచైనా, గుడ్డ పేలికైనా, దాన్ని ఎవరు చేశారో వెతుక్కుంటూ పోయి, ఎట్లా చేశారో, ఏం కలిపారో అడిగి తెలుసుకున్నాకే వాడాను. నన్ను చాదస్తుడన్నారు. అననీ. ఆ రోజు వెతుక్కుంటూ పోవలసిన పని కూడా లేదు. ఆ గొంగడికి నూలు వడికిన మనిషి నా ఎదురుగానే నిలబడి, చెప్పడానికి నోరు తెరిచింది.