జరీ తొడుగు కింద పైపు

కన్నడ సీమ ఊరైన హచ్చొళ్ళిలో పొయ్యి మంట ఎర్రబడితే నారపను పిలుస్తారు. మంట నీలంగా ఉన్నన్నాళ్ళూ అతని మాట ఎవరికీ పట్టదు. ఇరవై ఏళ్ళ కిందట తన ఇంటి గ్యాస్ పొయ్యినే విప్పి, మళ్ళీ బిగించడం చేతగాక, మూడు రోజులు భార్య చేత తిట్లు తిని నేర్చుకున్న పని అది. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. అయినా అతను బిగించిన చోట సబ్బు నురుగు పూస్తే ఒక్క బుడగ లేవదు.

పోయిన ఎండాకాలం చుట్టాల ఇళ్ళన్నిటా తలా ఒక బకెట్ ఇసుక పెట్టి వచ్చాడు. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మూత పెట్టండి, కింద పడి మండితే ఇసుక చల్లండి అని ఇంటింటా చెప్పాడు. నెల తిరిగాక వెళ్ళి చూస్తే, అక్క ఓబులమ్మ ఇంట్లో ఆ బకెట్ నిండా కొత్తిమీర మొలిచి ఉంది.

"ఊరికే ఉండాది గదరా, రోంత ఎరువు కలిపి ధనియాలు చల్లినా," అంది ఓబులమ్మ. "నిప్పంటుకుంటే కొత్తిమీరతోనే చల్లుతాంలే."

నారపకు నవ్వు రాలేదు. అక్క ఇంటి గురించే అతనికి దిగులు. ఆమె వంటింట్లోనే దేవుని పీట. ఆ పీట మీద, నేలకు జానెడు ఎత్తున, పొద్దూ మాపూ దీపం. నాలుగు అడుగుల అవతల గ్యాస్ బండ. గ్యాస్ గాలికంటే బరువు. కారితే పైకి పోదు, మడిలోకి కాలువ నీళ్ళు పారినట్టు నేలంతా పరుచుకుంటుంది. ఈ మాట అక్కకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"దీపం ముందరింట్లోకి మార్చక్కా."

"మా అత్త పెట్టిన చోటు అది. నిన్ను చంకలో ఏసుకొని తిప్పినదాన్ని, నాకే బుద్ధి చెప్తాండావా?"

దానికి తోడు ఆ తొడుగు. నూనె మరకలు పడకుండా గ్యాస్ పైపుకు పాత పట్టుచీర జరీ అంచుతో ఓబులమ్మ తొడుగు కుట్టింది. రెగ్యులేటర్‌ను కూడా కప్పి, రెండు కొసలా దారంతో బిగించి కట్టింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. పక్కింటి కొట్రమ్మ తనకూ ఒకటి కుట్టించుకుంది. లోపల పైపు ఎలా ఉందో మాత్రం ఎవరికీ తెలియదు.

"విప్పక్కా, ఒక్కసారి చూస్తా."

"విప్పితే మళ్ళీ ఎవరు కుడతారు? నీ పెండ్లాం కుడతాదా?"

ఆ నెలలోనే బడి ఆవరణలో అగ్నిప్రమాదాల మీద సభ పెట్టారు. పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. బ్యానర్ కట్టారు. రేకు పళ్ళెంలో మంట పెట్టి, ఎర్ర సిలిండర్‌తో తెల్లటి పొడి చల్లి ఆర్పారు. జనం చప్పట్లు కొట్టారు. చివర్న నారప లేచి, ఇళ్ళకు వచ్చి పైపులు ఎవరు చూస్తారని అడిగాడు.

"అదు ఏజెన్సీయవర కెలస," అన్నాడు ఆఫీసరు కన్నడంలో. ఏజెన్సీ వాళ్ళ పనట. ఆ ఏజెన్సీ మనిషి పక్కనే నిలబడి ఫోటోకు తల దువ్వుకుంటున్నాడు.

సభ నుంచి వస్తూ ఓబులమ్మ అంది: "అన్నీ చెప్పినారు. ఇంక నువ్వు చెప్పేది ఏముండాది?"

"పైపు చూసినారా?"

"పైపు సంగతి గూడా చెప్పినారప్పా."

"చెప్పినారు. చూసినారా అంటాండా!"

"యాడపోయినా నీ గోల ఒకటే," అంటూ ఆమె ముందుకు నడిచింది.

పది రోజుల తర్వాత, శుక్రవారం దీపాల వేళ, నారప పై వీధిలో ఒకరి పొయ్యి బర్నర్ కడుగుతుండగా ఫోన్ మోగింది. అక్క కోడలు సౌందర్య.

"మామా, వంటింట్లో వాసన వస్తాండాది."

"పొయ్యి?"

"ఆర్పేసినాం. అయినా వస్తాండాది. వాకిట్లోకి వచ్చి మాట్లాడతాండా."

"రెగ్యులేటర్ కట్టేసినావా?"

"దాని మీద తొడుగుండాది. ముడి రాలేదు మామా."

"దీపం?"

"వెలుగుతాండాది. శుక్రవారమని అత్త ముట్టనీలేదు."

నారప బర్నర్ అక్కడే పడేసి పరుగెత్తాడు. వాకిట్లో ఓబులమ్మ అడ్డం వచ్చింది. ఆ ఇంట్లో దీపాన్ని ఆర్పడమనే మాటే ఎవరూ అనరు. తనంతట అది ఆరినా కొండెక్కిందంటారు.

"శుక్రవారం రా, లక్ష్మి—"

అక్కను ఒక్క తోపు తోసి లోపలికి పోయాడు. దీపం గుమ్మం పక్కనే. పీట మీది నీళ్ళ చెంబులో వేళ్ళు ముంచి వత్తిని నొక్కేశాడు. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి తొడుగు దారం పుటుక్కున తెంపి, రెగ్యులేటర్ తిప్పాడు.

"లైటు ఏయనా మామా?" గుమ్మం దగ్గర సౌందర్య స్విచ్ మీదికి చెయ్యి చాచింది.

"ముట్టద్దు! ఏదీ ముట్టద్దు! బయటికి పో!"

పెరటి తలుపు తెరిచి, చేట తీసుకుని, నేలను ఆనించి వాసన పోయేదాకా బయటికి విసిరాడు. తర్వాత పైపు ఊడదీసి వాకిట్లోకి తెచ్చి, వీధి దీపం కింద అక్క ముందు పట్టుకున్నాడు. గోడవైపు తొడుగును చింపుకుని ఎలుక కొరికిన గాట్లు నాలుగు. ఒకటి బాగా లోతుకు దిగింది.

"తొడుగు లేకుంటే మొదటి గాటుకే కనపడేది గదక్కా."

ఓబులమ్మ పైపు వంక చూసింది. లోపల చీకటిగా ఉన్న పీట వంక చూసింది.

"అయినా దీపం నీ చేత్తో ఆర్పినావు. శుక్రవారం."

"ఇల్లుండాది! నువ్వుండావు, కోడలుండాది! రేపు వెలిగించుకో, ఎవరొద్దన్నారు?"

వీధంతా వినపడేలా అరిచాడు. మర్నాడు అతను కొత్త పైపు బిగించి, సబ్బు నురుగు పూసి చూసిపోయేదాకా ఓబులమ్మ వంటింట్లోకి రాలేదు. కాఫీ సౌందర్యే ఇచ్చింది.

మరుసటి శుక్రవారం పొద్దున మనసు ఊరుకోక మళ్ళీ వెళ్ళాడు. దీపం ముందరింటి గూట్లో వెలుగుతోంది. వంటింట్లోకి తొంగి చూస్తే కొత్త పైపుకు మళ్ళీ తొడుగు! ఈసారి ఆకుపచ్చ అంచు.

"అక్కా!"

"అరవద్దు. ముందు చూడు."

వంగి చూశాడు. రెగ్యులేటర్ బయటికే ఉంది. తొడుగు పొడుగునా వేలెడు దూరానికొక గుండీ. ఒక్కొక్కటే విప్పి, పైపంతా చేత్తో తడిమి, మళ్ళీ పెట్టాడు. కాజాల కుట్టు ఎంత దగ్గరగా ఉందంటే గోరు దూరలేదు. అంత మంచి పనికి వంక పెట్టడం అతనికి కష్టమైంది. అయినా పెట్టాడు.

"గుడ్డే గదక్కా ఇది గూడా. అంటుకునేదే."

"అంటుకుంటే నీ ఇసుక ఉండాది గదా."

"యాడుండాది? కొత్తిమీర కింద!"

బకెట్ ముందుకు లాక్కుని కొత్తిమీరంతా వేళ్ళతో పీకి సౌందర్య చేతిలో పెట్టాడు. "చారులో ఏయమ్మా," అన్నాడు.

గోడ అవతలి నుంచి కొట్రమ్మ కేకేసింది. "ఓబులక్కా, నాకూ గుండీలది ఒకటి కుట్టీవూ?"

"ముందు పాతది విప్పు, పైపు చూస్తా, వస్తాండా!" అన్నాడు నారప.

"ఈపొద్దు శుక్రవారమప్పా. రేపు రా," అంది కొట్రమ్మ.

నారప అప్పటికే సంచీ భుజాన వేసుకుని గోడ ఎక్కుతున్నాడు.